సోయా చెక్క ధర పెరిగిందా? బ్రాయిలర్ దాణాలో ఏది, ఎంత మార్చవచ్చు?

బ్రాయిలర్ కోళ్ల పెంపకంలో అయ్యే ఖర్చులో సుమారు 65 నుంచి 70 శాతం దాణాకే పోతుంది. దాణాలో మొక్కజొన్న తరువాత ఎక్కువ పాలు సోయా చెక్కదే. అందుకే సోయా చెక్క ధర పెరిగిన ప్రతిసారీ చిన్న రైతు మొదట ఆలోచించేది దాని బదులు తక్కువ ధరకు దొరికే మరో చెక్క గురించే. 2021లో సోయా చెక్క ధర సుమారు రెండింతలైంది. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది. అలాంటి పరిస్థితి మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు. కాబట్టి దాణాలో ఏది మార్చవచ్చో, ఎంత వరకు మార్చవచ్చో ముందుగానే తెలుసుకోవడం మంచిది.

ఈ వ్యాసం 500 నుంచి 2,000 కోళ్లు పెంచుతూ సొంతంగా దాణా కలుపుకునే రైతుల కోసం. కంపెనీలతో ఒప్పందం మీద ఇంటిగ్రేషన్ పద్ధతిలో పెంచే వారికి దాణా కంపెనీయే ఇస్తుంది. ఆ దాణాలో మీరు సొంతంగా ఏదీ కలపవద్దు.

ఒక బ్యాచ్ నేర్పిన పాఠం

ధరలు బాగా పెరిగిన ఆ రోజుల్లో వెయ్యి కోళ్లు పెంచే ఒక రైతు నన్ను సలహా అడిగారు. వేరుశనగ చెక్కలోనూ మాంసకృత్తులు 40 శాతానికి పైగా ఉంటాయి కదా అని, సోయా చెక్కలో సగం తీసి దాని స్థానంలో వేరుశనగ చెక్క వేయమన్నాను. మాంసకృత్తుల శాతం చూశానే గాని లైసిన్ లెక్క చూడలేదు, బూజు విషం పరీక్ష చేయించమని చెప్పలేదు. మూడో వారం దాటేసరికి కోళ్లు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా తయారయ్యాయి. చనిపోయిన కోళ్లను పశువైద్యాధికారి కోసి చూస్తే కాలేయాలు పసుపు రంగుకు తిరిగి, ఉబ్బి ఉన్నాయి. ఆ రైతు అమ్మకానికి మరో వారం ఆగవలసి వచ్చింది. దాణాలో మిగిలిందనుకున్న డబ్బు పోయింది, దాని మీద మరికొంత నష్టం వచ్చింది. తప్పు రైతుది కాదు, సలహాది. ఆ తప్పు మీ షెడ్డులో జరగకూడదనే ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

మాంసకృత్తుల శాతం ఒక్కటే చూస్తే ఎందుకు సరిపోదు?

భారత ప్రమాణాల సంస్థ 2007 ప్రమాణాల ప్రకారం బ్రాయిలర్ దాణాలో కనీసం ఉండవలసినవి ఇవి:

- ప్రీ స్టార్టర్ (మొదటి వారం): మాంసకృత్తులు 23 శాతం, లైసిన్ 1.3 శాతం, శక్తి కిలోకు 3,000 కిలో కేలరీలు
- స్టార్టర్ (రెండు, మూడు వారాలు): మాంసకృత్తులు 22 శాతం, లైసిన్ 1.2 శాతం, శక్తి 3,100 కిలో కేలరీలు
- ఫినిషర్ (నాలుగో వారం నుంచి అమ్మే వరకు): మాంసకృత్తులు 20 శాతం, లైసిన్ 1.0 శాతం, శక్తి 3,200 కిలో కేలరీలు

మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో లైసిన్, మెథియోనిన్ అనే రెండూ బ్రాయిలర్ కోడికి చాలా ముఖ్యం. వీటిని కోడి తన ఒంట్లో తయారు చేసుకోలేదు, దాణా నుంచే అందాలి. పందిరికి మూడు గుంజలు పొడవుగా ఉండి ఒకటి పొట్టిగా ఉంటే పందిరి ఆ పొట్టి గుంజ వైపే వాలుతుంది. కోడి పెరుగుదల కూడా అంతే. లైసిన్ తగ్గితే మిగిలిన మాంసకృత్తులు ఎన్ని ఉన్నా కండగా మారవు. వాడుకోగా మిగిలినదంతా రెట్టలో బయటకు పోతుంది. దాని వల్ల లిట్టర్ తడిసి అమోనియా ఘాటు పెరుగుతుంది. అంటే డబ్బు పెట్టి కొన్న మాంసకృత్తులే షెడ్డులో కళ్లు మండిస్తాయన్నమాట.

సోయా చెక్కలో లైసిన్ సుమారు 2.8 శాతం ఉంటుంది. వేరుశనగ చెక్కలో అందులో సగమే, దాదాపు 1.4 నుంచి 1.5 శాతం. పొద్దుతిరుగుడు, నువ్వుల చెక్కల్లో ఒక శాతం దగ్గర ఉంటుంది. కాబట్టి కిలోకు కిలో లెక్కన మారిస్తే లైసిన్ లోటు తప్పదు.

ముందుగా వేయవలసిన లెక్క

వంద కిలోల ఫినిషర్ దాణాలో 30 కిలోల సోయా చెక్క వేస్తున్నారనుకుందాం. అందులో 5 కిలోలు తీసి, 5 కిలోల వేరుశనగ చెక్క వేయాలనుకుంటున్నారు.

- 5 కిలోల సోయా చెక్కలో లైసిన్ సుమారు 140 గ్రాములు. 5 కిలోల వేరుశనగ చెక్కలో సుమారు 72 గ్రాములు. లోటు 68 గ్రాములు.
- బజారులో దొరికే ఎల్-లైసిన్ పొడిలో అసలు లైసిన్ 78 శాతం ఉంటుంది. కాబట్టి ఈ లోటు తీరడానికి సుమారు 90 గ్రాముల పొడి అదనంగా కలపాలి.
- మెథియోనిన్ లోటు కూడా కొంత ఉంటుంది. దానికి సుమారు 10 గ్రాముల డీఎల్-మెథియోనిన్ కలపాలి.

లైసిన్ కిలో 200 రూపాయలు, మెథియోనిన్ కిలో 400 రూపాయలు అనుకుంటే ఈ రెండింటికి 22 రూపాయలు అవుతుంది. దాన్ని 5 కిలోల చెక్కకు పంచితే కిలోకు నాలుగున్నర రూపాయలకు దగ్గర. అంటే వేరుశనగ చెక్క ధర సోయా చెక్క కన్నా కిలోకు కనీసం 5 రూపాయలు తక్కువ ఉంటేనే మార్చి లాభం. రెండు, మూడు రూపాయల తేడాకు మారిస్తే కష్టం తప్ప మిగిలేదేమీ లేదు. ధరలు మీ ఊరిలో వేరుగా ఉండవచ్చు, లెక్క మాత్రం ఇదే. కొనే ముందు కాగితం మీద ఒకసారి వేసుకోండి.

రెండో లెక్క మేత మార్పిడికి సంబంధించినది. కిలో 40 రూపాయల దాణా 3.4 కిలోలు తిని కోడి 2 కిలోల బరువు వస్తే దాణా ఖర్చు 136 రూపాయలు. చెక్క మార్చి దాణా ధర కిలోకు రూపాయిన్నర తగ్గించారు. కాని అదే 2 కిలోల బరువుకు కోడి 3.7 కిలోలు తినవలసి వచ్చింది. అప్పుడు ఖర్చు 142 రూపాయల 45 పైసలు. దాణా చౌక అయింది, కోడి ఖరీదైంది. వెయ్యి కోళ్లకు సుమారు 6,450 రూపాయలు నష్టం. అందుకే కిలో దాణా ధర కాకుండా, కిలో కోడికి ఎంత ఖర్చయిందో చూడాలి.

ఏ చెక్క ఎంత వరకు?

కింద చెప్పిన మోతాదులు వంద కిలోల దాణాలో కలపదగిన గరిష్ఠ పరిమితులు. ఇవన్నీ ఫినిషర్ దాణాకే. మొదటి మూడు వారాలు సోయా చెక్కను తగ్గించవద్దు. ఆ వయసులో పిల్ల తినే దాణా తక్కువ కాబట్టి మార్పు వల్ల మిగిలేది కూడా తక్కువే. కాని అప్పుడు పెరుగుదల దెబ్బతింటే తరువాత పూడ్చుకోవడం కష్టం. మొదటి వారం చివరికి పిల్ల బరువు పుట్టిన నాటి బరువుకు నాలుగు రెట్లు దాటాలని గుర్తుంచుకోండి.

వేరుశనగ చెక్క: మాంసకృత్తులు 40 నుంచి 45 శాతం. అనంతపురం, కర్నూలు, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి వేరుశనగ పండే ప్రాంతాల్లో గానుగల దగ్గర తేలికగా దొరుకుతుంది. లైసిన్, మెథియోనిన్ తక్కువ. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం దీని అసలు ప్రమాదం. పరీక్ష చేయించిన చెక్క అయితేనే 5 నుంచి 10 కిలోల వరకు వాడవచ్చు.

పొద్దుతిరుగుడు చెక్క: మాంసకృత్తులు సుమారు 28 నుంచి 34 శాతం. మెథియోనిన్ బాగుంటుంది. బూజు విషం భయం వేరుశనగ కన్నా తక్కువ. కాని పీచు ఎక్కువ, శక్తి తక్కువ. 5 కిలోల సోయా చెక్క బదులు ఇది వేస్తే, తగ్గిన శక్తిని పూడ్చడానికి వంద కిలోల దాణాకు సుమారు అర కిలో నూనె అదనంగా కలపవలసి వస్తుంది. ఆ నూనె ఖర్చు కూడా లెక్కలో చేర్చండి. పొట్టు తీసిన గింజల చెక్క దొరికితే మేలు. 5 కిలోలు మించవద్దు.

నువ్వుల చెక్క: మాంసకృత్తులు సుమారు 40 శాతం. మెథియోనిన్‌లో చెక్కలన్నింటి కన్నా మిన్న, లైసిన్‌లో వెనుకబడి ఉంటుంది. సోయాలో మెథియోనిన్ తక్కువ, నువ్వుల్లో ఎక్కువ కాబట్టి రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. ఇందులోని ఫైటేట్లు క్యాల్షియం, జింకు ఒంటికి పట్టకుండా చేస్తాయి. 5 కిలోలు చాలు.

బియ్యం డీడీజీఎస్: నూకల నుంచి ఇథనాల్ తీయగా మిగిలే ఎండు పదార్థం ఇది. మాంసకృత్తులు 40 శాతం పైన ఉంటాయి. ధాన్యంలోని పిండి పదార్థం సారాగా మారిపోతుంది కాబట్టి మాంసకృత్తులు చిక్కబడతాయి. నూకల్లో బూజు విషం ఉంటే అదీ అలాగే చిక్కబడుతుంది. ఎక్కువ వేడికి మాడితే లైసిన్ పాడవుతుంది. లేత బంగారు రంగులో ఉన్నది తీసుకోండి, ముదురు గోధుమ రంగులో మాడు వాసన వచ్చేది వద్దు. 5 కిలోలతో మొదలుపెట్టి, ఫలితం బాగుంటే 8 కిలోల వరకు వెళ్లవచ్చు.

గోరుచిక్కుడు గింజల పిండి: బంక తీయగా మిగిలిన ఈ పిండిలో మాంసకృత్తులు 40 నుంచి 50 శాతం ఉంటాయి. మిగిలిపోయిన బంక వల్ల రెట్ట జిగురుగా మారి లిట్టర్ తడుస్తుంది. వేయించిన రకమైతే రెండు, మూడు కిలోలు వాడవచ్చు.

చేపల పొడి: మంచి చేపల పొడిలో లైసిన్, మెథియోనిన్ రెండూ బాగుంటాయి. కాని ఉప్పు, ఇసుక, యూరియా కలిపిన సరుకు కూడా బజారులో తిరుగుతుంది. ఉప్పు ఎక్కువైతే కోళ్లు విపరీతంగా నీళ్లు తాగి, పారుతూ రెట్ట వేస్తాయి. 3 నుంచి 5 కిలోలు మించవద్దు. మాంసానికి చేప వాసన పట్టకుండా అమ్మకానికి వారం, పది రోజుల ముందు ఆపేయాలి.

ఇంట్లో పండిన సోయా గింజలు: ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాద్ రైతులు తమ సోయా గింజలనే దాణాలో వేయవచ్చా అని అడుగుతుంటారు. పచ్చి గింజలు వేయకూడదు. వాటిలోని ట్రిప్సిన్ నిరోధకాలు మాంసకృత్తులను అరగనివ్వవు. సమానంగా వేడి తగిలేలా వేయించి, పొడి చేస్తే ఆ దోషం పోతుంది. వేయించిన గింజల్లో 36 నుంచి 38 శాతం మాంసకృత్తులు, 18 నుంచి 20 శాతం నూనె ఉంటాయి కాబట్టి దాణాలో విడిగా కలిపే నూనె కూడా తగ్గించుకోవచ్చు.

వీటిలో ఒకేసారి మూడు, నాలుగు రకాలు కలపవద్దు. ఒకటి, రెండు చాలు. అన్నీ కలిపి పది కిలోలు దాటకుండా చూసుకోండి.

అజొల్లా, ఈగ లార్వాల మాటేమిటి?

సోయా చెక్క మానేసి అజొల్లాతోనే బ్రాయిలర్లను పెంచవచ్చని చెప్పే మాటలు నమ్మవద్దు. అజొల్లా ఎండు పదార్థంలో మాంసకృత్తులు 20 నుంచి 25 శాతం ఉన్న మాట నిజమే. కాని పచ్చి అజొల్లాలో 94 శాతం వరకు నీరే. ఒక కిలో సోయా చెక్కలోని మాంసకృత్తులు రావాలంటే సుమారు 35 కిలోల పచ్చి అజొల్లా కావాలి. 40 రోజుల్లో పెరగవలసిన బ్రాయిలర్ కడుపులో అంత నీటి మేతకు చోటు ఉండదు. తిరిగి మేసే పెరటి కోళ్లకు, బాతులకు అజొల్లా మంచి మేత.

బ్లాక్ సోల్జర్ ఈగ లార్వాల్లో మాంసకృత్తులు ఎండు బరువులో సుమారు 40 శాతం, లైసిన్ కూడా బాగుంటుంది. పనికి వచ్చేదే, అయితే పరిమాణం లెక్క చూడండి. వెయ్యి కోళ్ల బ్యాచ్ సుమారు 3.4 టన్నుల దాణా తింటుంది. అందులో 5 శాతం అంటే 170 కిలోల ఎండు లార్వాలు. వాటికి దాదాపు 500 కిలోల పచ్చి లార్వాలు కావాలి. అవి పెరగడానికి సుమారు 3 టన్నుల కూరగాయల వ్యర్థం కావాలి. దగ్గరలో కూరగాయల మార్కెట్ ఉన్నవారు ఆలోచించవచ్చు. పేడ మీద, చచ్చిన కోళ్ల మీద పెంచిన లార్వాలు మాత్రం కోళ్లకు పెట్టవద్దు.

దాణాలో వేయకూడనివి

ఆముదపు చెక్కలో రిసిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ఆముదపు, కానుగ, వేప చెక్కలు పొలంలో ఎరువుకే తప్ప కోళ్లకు కాదు. పత్తి గింజల చెక్కలో గాసిపాల్ ఉంటుంది, అది లైసిన్‌ను కూడా పట్టేస్తుంది. పశువులకు పెడుతున్నాం కదా అని కోళ్లకు వేయవద్దు. నెమరు వేసే పశువు కొంత మేర తట్టుకుంటుంది, కోడి తట్టుకోలేదు.

బూజు విషం: కంటికి కనిపించని నష్టం

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం వెతికితే దాణాలో వేసిన వేరుశనగ చెక్క దగ్గరకు చేరారు. అఫ్లాటాక్సిన్ అనే విషం వెలుగులోకి వచ్చింది అలాగే. బ్రాయిలర్ దాణాలో అఫ్లాటాక్సిన్ బి1 పరిమితి 20 పీపీబీ, అంటే కిలో దాణాలో 20 మైక్రోగ్రాములు. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. అందుకే టీకాలు వేసినా అవి సరిగా పనిచేయవు.

చాలామంది బూజు పట్టిన చెక్కను ఎండబెట్టి, దులిపి వాడుతారు. ఎండకు బూజు చస్తుంది గాని, అది అప్పటికే వదిలిన విషం పోదు. వండినా పోదు. టాక్సిన్ బైండర్ మందులు కొంత మేరకే పట్టి ఉంచుతాయి, పాడైన చెక్కను మంచి చెక్కగా మార్చవు. బూజు కనబడకపోయినా విషం ఉండవచ్చు కాబట్టి పరీక్ష ఒక్కటే మార్గం. పరీక్ష ఎక్కడ చేయించాలో మీ పశువైద్యాధికారిని అడగండి. రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయాన్ని గాని, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయాన్ని గాని సంప్రదించవచ్చు. ఒక్కరికి ఖర్చు ఎక్కువ అనిపిస్తే నలుగురైదుగురు రైతులు కలిసి ఒకే లాటు చెక్క కొని, ఒకే పరీక్ష చేయించుకోండి. నమూనా ఒక్క బస్తా నుంచి కాకుండా పది, పదిహేను బస్తాల నుంచి కొంచెం కొంచెం తీసి బాగా కలపాలి, ఎందుకంటే ఈ విషం చెక్కంతటా ఒకేలా ఉండదు.

ఇంటి దగ్గరే చేసుకునే మూడు పరీక్షలు

1. సోయా సరిగా వేగిందా: రెండు చెంచాల సోయా పొడి, అర చెంచా యూరియా, కొద్దిగా గోరువెచ్చని నీరు మూత ఉన్న సీసాలో కలిపి 20 నిమిషాలు ఉంచండి. మూత తీయగానే అమోనియా ఘాటు గట్టిగా వస్తే సోయా సరిగా వేగలేదని అర్థం.

2. చేపల పొడిలో యూరియా ఉందా: పొడిని నీటిలో నానబెట్టి వడకట్టండి. ఆ నీటిని రెండు సీసాల్లో పోసి, ఒకదానిలో మాత్రమే పచ్చి సోయా పిండి చెంచాడు వేసి మూత పెట్టండి. అరగంట తరువాత సోయా వేసిన సీసాలోనే అమోనియా ఘాటు వస్తే యూరియా కలిసినట్లే. ప్రయోగశాలలో మాంసకృత్తులను నత్రజని ఆధారంగా లెక్కిస్తారు. వంద కిలోల సరుకులో ఒక్క కిలో యూరియా కలిపితే కాగితం మీద మాంసకృత్తులు దాదాపు 3 శాతం పెరిగినట్లు కనిపిస్తాయి. కోడికి మాత్రం అందులో ఏమీ దక్కదు.

3. ఇసుక ఉందా: గ్లాసు నీటిలో చెంచాడు పొడి వేసి కలిపి వదిలేయండి. ఇసుక అడుగుకు చేరుతుంది.

ఈ పరీక్షలకు వాడిన పొడిని కోళ్లకు వేయవద్దు.

మార్చే పద్ధతి

- ముందుగా వంద కోళ్లను షెడ్డులోనే జాలీ కట్టి వేరు చేయండి. కొత్త దాణా వాటికే ఇవ్వండి. వారానికి ఒకసారి రెండు వైపులా 20 కోళ్ల చొప్పున తూచి, తిన్న దాణాను రాసుకోండి. బ్యాచ్ చివర లెక్క బాగుంటేనే తరువాతి బ్యాచ్‌లో అన్నింటికీ మార్చండి.
- పాత దాణా నుంచి కొత్త దాణాకు మూడు, నాలుగు రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి.
- లైసిన్, మెథియోనిన్ వంటి కొద్ది మోతాదు పొడులను ముందు ఒక కిలో మొక్కజొన్న పిండిలో కలిపి, తరువాత ఐదు కిలోల్లో, ఆ తరువాత మొత్తం దాణాలో కలపండి. నేరుగా వేస్తే ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ అవుతుంది.
- చెక్క బస్తాలను నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు అడుగు దూరంలో ఉంచండి. వానాకాలంలో రెండు వారాలకు సరిపడా మాత్రమే కొనండి.
- రెట్ట పలుచబడినా, కోళ్లు మేత తగ్గించినా, మరణాలు పెరిగినా వెంటనే పాత దాణాకు వచ్చి పశువైద్యాధికారికి చూపించండి.

చివరగా ఒక మాట. సోయా చెక్కను పూర్తిగా మానిపించే వస్తువు చిన్న రైతుకు అందుబాటులో ప్రస్తుతం ఏదీ లేదు. ధర తేడా బాగా ఉన్నప్పుడు, పరీక్షించిన చెక్కతో, ఫినిషర్ దాణాలో ఐదు నుంచి పది కిలోలు మార్చి, లైసిన్, మెథియోనిన్ లోటు తీర్చుకుంటే ఆదా నిజంగా మిగులుతుంది. అంతకు మించి ఆశ చూపేవారు ఎవరైనా, అది నాలాంటి అధికారి అయినా సరే, "లైసిన్ లెక్క ఏది? పరీక్ష రిపోర్టు ఏది?" అని అడగండి. ఆ రెండూ చూపించకపోతే మీ దాణా మార్చవద్దు.